తెల్లగుండె ఐసుదిమ్మ

చలమయ్య సమీక్ష రాశాడంటే ఆ రచయిత మూడు రోజులు అన్నం మానేస్తాడని విశాఖపట్నంలో ఒక మాట ఉండేది. అందులో కొంత అతిశయోక్తి, కొంత చలమయ్య స్వయంగా చేసుకున్న ప్రచారం. ఉక్కు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఎవరు ఏ గ్రహం మీద కథ రాసుకొచ్చినా, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "అంతా బానే ఉందయ్యా, సైన్సేదీ?" అనేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో చాలామంది చేత కలాలు పక్కన పెట్టించాడు. వాళ్లలో కొందరికి అది మేలే చేసిందనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి విమర్శకుడు తన పేరుతో అచ్చు వేయించుకున్న కథ ఒకే ఒక్కటి. దాని పేరు 'హిమగర్భం'. ముప్పై ఏళ్ల కిందటిది. సముద్రాన్ని గడ్డకట్టించి, దిమ్మలు దిమ్మలుగా ఆకాశనౌకలోకి ఎక్కించి, ఎండిపోయిన ఒక లోకానికి మోసుకుపోయే ముసలమ్మ కథ. దారి పొడుగునా ఆవిడ ఒక్కొక్క దిమ్మనీ పగలగొడుతుంది. చుట్టూ అద్దంలా మెరిసే ఐసును నౌకలో వాళ్లకి తాగడానికి ఇచ్చేస్తుంది. నడుమ తెల్లగా, మసకగా ఉండే గుండెను మాత్రం గోనెపట్టాలో చుట్టి దాస్తుంది. మంచిది పారబోసి పాడైంది దాస్తున్నావేమని అందరూ తిడతారు. ఆవిడ నవ్వుతుంది. ఎందుకు దాస్తుందో కథలో ఎక్కడా లేదు. చివరికి నౌక చీకట్లో దారితప్పి కనుమరుగైపోతుంది.

ఆ తెల్లటి గుండె మీద జనం రాసిన వ్యాసాలు ఒక బీరువాకి సరిపోతాయి. వైధవ్యమని ఒకాయన, నెరవేరని విప్లవమని ఇంకొకాయన. ఒక పిల్లాడు దాని మీద డాక్టరేటే తెచ్చుకున్నాడు. నేరుగా చలమయ్యనే అడిగితే ఒకసారి జ్ఞాపకం అన్నాడు, ఇంకోసారి మౌనం అన్నాడు, టీవీ వాళ్ల ముందు మాత్రం "అది పాఠకుడి గుండె" అని చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. అసలు సంగతేమిటంటే ఆయనకి తెలీదు. తెలీకపోవడానికి కారణం, ఆ కథ ఆయన రాసింది కాదు.

ఈ సంగతి ఎవరూ బయటపెట్టరన్న ధైర్యంతో ముప్పై ఏళ్లు బతికాడు. ఒక గురువారం పొద్దున్న, సుమంత్ ఒక అట్టపెట్టె పట్టుకుని కూర్మన్నపాలెంలో ఆయన ఇంటి మెట్లెక్కేదాకా ఆ ధైర్యం బాగానే ఉంది.

సుమంత్ పోర్టులో ఉద్యోగి. 'రేపటి కథ' అని సైన్స్ ఫిక్షన్ వాళ్లు పెట్టుకున్న సంఘానికి కార్యదర్శి. దానికి చలమయ్య గౌరవాధ్యక్షుడు. ఈ ఏడు పోటీ కథలకి కాదు, ఆటలకి. కథ చెప్పే ఆట ఒకటి కట్టి పంపండి, గెలిచినదాన్ని పెట్టెలుగా అచ్చువేసి దేశమంతా పంచుతాం అన్నారు.

"సార్, ఘోరం జరిగింది," అన్నాడు సుమంత్ కూర్చోకుండానే. "ఫైనల్‌కి వచ్చిన ఆట ఇది. 'ఐసు పడవ' అట. ఎవరో నిఖిత అని అమ్మాయి, సాకిబ్ అని అబ్బాయి కలిసి కట్టారు. మొత్తం మీ హిమగర్భమే! ముసలమ్మ, దిమ్మలు, తెల్లగుండె, అన్నీ అవే. ఎక్కడా మీ పేరు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది సార్."

"చిన్నపిల్లలు... పోనీలేద్దూ," అన్నాడు చలమయ్య.

"ఎలా పోనిస్తాం సార్? కథ కొట్టేస్తే ఏం చెయ్యాలో మీరే కదా మాకు నేర్పించారు. పోటీలోంచి పేరు కొట్టేసి, మిగతా సంఘాలన్నిటికీ ఉత్తరం రాయాలి. ఆదివారం పదకొండు గంటలకి వన్ టౌన్ హాల్లో విచారణ పెట్టాం. మీరొచ్చి కూర్చుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను. ఆ అమ్మాయి మళ్లీ ఎక్కడా ఏదీ అచ్చు వేయించుకోలేదు."

అతను వెళ్లిపోయాక చలమయ్య ఆ పెట్టెను బల్ల మీద పెట్టి, దూరంగా కూర్చుని చూశాడు. పాము ఉన్న బుట్టని కూడా మనిషి అంత జాగ్రత్తగా చూడడు. భార్య తాయారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి మూత తీసేసింది.

"ఆట అంటే ఆడాలి గానీ చూస్తారేంటండీ?"

ముక్కలన్నీ పెళ్లి శుభలేఖల అట్ట మీద అచ్చువేసినవి. సాకిబ్ వాళ్ల నాన్నకి వన్ టౌన్‌లో శుభలేఖల ప్రెస్సు ఉందట, వెనక చిన్న అక్షరాల్లో రాసుకున్నారు. మనిషికి పన్నెండు దిమ్మలు. దారిలో దాహం వేస్తుంటుంది. ఏది తాగాలో, ఏది దాచాలో ఎవరి లెక్క వాళ్లది. చలమయ్య తేట ఐసంతా దాచుకున్నాడు. తెల్లగుండె ముక్కల్ని విసిరేశాడు. తాయారు ఎందుకో తెల్లవి దాచింది. ఇద్దరూ ఎండిన లోకానికి చేరి ఐసు కరిగించి, ఆ నీళ్లలో అట్టచేపలు వదిలారు. చలమయ్య సముద్రంలో వేసిన చేపలన్నీ చచ్చిపోయాయి. తాయారు చేపలు బతికాయి.

ఎందుకో చెప్పే అట్టముక్కని తాయారు పైకి చదివింది. "నీళ్లు బయటినుంచి లోపలికి గడ్డకడతాయి. గడ్డకట్టే ప్రతి పొరా తనలోని ఉప్పును లోపలికి నెట్టేస్తుంది. నెట్టగా నెట్టగా ఉప్పంతా నడుమ చేరి తెల్లబడుతుంది. చుట్టూ ఉన్న తేట ఐసు మంచినీళ్లే, తాగెయ్యి. సముద్రం కావాలంటే తెల్లగుండె దాచుకో." ఆవిడ ముక్క కింద పెట్టింది. "ఓస్, ఉప్పా! ముప్పై ఏళ్ల నుంచి ఊరంతా కొట్టుకు చచ్చింది ఉప్పు గురించా?"

చలమయ్య ఆ ముక్క అందుకుని మళ్లీ చదివాడు. ముప్పై రెండేళ్లు ఆయన చేసిన ఉద్యోగం ఇదే. పోతపోసిన ఉక్కు దుంగని అడ్డంగా కోయించి, నున్నగా రాయించి, యాసిడ్‌లో తడిపిన ఫోటో కాగితం దాని మీద అంటించేవాడు. కాగితం నడిమధ్యన గోధుమరంగు మచ్చలు తేలేవి. ఉక్కు కూడా బయటినుంచి లోపలికే గట్టిపడుతుంది, గంధకాన్నీ చెత్తనీ నడుమకి నెట్టేస్తుంది. రోజుకి పది దుంగలు చూసి, సంతకం పెట్టి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ తెల్లగుండె అంటే ఏమై ఉంటుందా అని ఆలోచించేవాడు. పైగా "సైన్సేదీ" అని ఊరందరినీ అడిగిన పెద్దమనిషి! ఆ కథ అసలు రాసిన మనిషి, ఐసు ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక ఆడమనిషి, కళ్లెదుట పెట్టిన సైన్సు, చదువుకున్నవాడి కంటికి ఆనలేదు. ఆయనకి సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకే భయమూ వేసింది.

పెట్టె అడుగున చివరి ముక్క ఉంది. అందులో నౌక దారితప్పదు. కొత్త సముద్రం ఒడ్డున లాంతరు పట్టుకుని ఒక మగమనిషి నిలబడి ఉంటాడు. "ఇంతసేపా?" అంటాడు ముసలమ్మతో. అంతే, ఆట అయిపోతుంది.

"ఇది మీ కథ చూసి చేసింది కాదండీ," అంది తాయారు ముక్కలు సర్దుతూ. "మీ కథలో లేనిది ఇందులో ఉంది." ఆవిడ ఇంకేమీ అడగకుండా కూర తరుక్కోడానికి వెళ్లిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ వెళ్లిన చాలాసేపటిదాకా చలమయ్య మెడ నిమురుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాడు. అప్పటికి వేలంపాటలు సగం అయిపోయాయి. నేలంతా నీళ్లు, పొలుసులు, కాకులు. ఐసు నలగ్గొట్టే మిషను పక్కన ఒకామె పీపాల్లోకి ఐసు ఎత్తిపోస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. అయినా ఆ నిలబడే తీరు చూసి పోల్చుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఈ వైపు ఒక్కసారి కూడా రాలేదు. చేపలు కావాలన్నా గాజువాక బజారులోనే కొన్నాడు.

"జోగమ్మా," అన్నాడు.

ఆమె చూసింది. నవ్వింది కూడా. "ఏటి మేస్టారూ, ఇన్నాళ్లకి ఇటేపొచ్చీసినారు? కూకోండి. తడిగున్నాది, ఇదిగో ఈ పీపా మీద కూకోండి."

మేస్టారంటే రాత్రిబడి మేస్టారు. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో షిఫ్టు దిగి వచ్చి ఈ పేటలో పాఠాలు చెప్పేవాడు. జోగమ్మ ఏడో తరగతిదాకా చదివి మానేసిన పిల్ల, అందరికంటే చురుకు. ఆమె భర్త ఎక్కిన బోటు ఒక తుపానులో పోయింది. మనిషీ దొరకలేదు, బోటు చెక్కా దొరకలేదు. శవం లేందే చావు కాగితం రాదు. ఆ కాగితం లేందే పిల్లలకి పింఛనూ లేదు, ఇంటికి పట్టా లేదు. చలమయ్య ఆమె తరఫున అర్జీలు రాశాడు, ఏడాదిన్నరపాటు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు, చివరికి కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అది మాత్రం ఆయన నిజంగా చేసిన పని. దానికి ఆమె ఒక నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది. "నాకాడ ఇంకేటీ నేదు మేస్టారూ, ఇది మీరు తీసుకోండి," అంది. ఐసు ఫ్యాక్టరీలో పని మధ్య కూర్చుని రాసుకున్న కథ. రెండేళ్లు ఆయన దాన్ని బీరువాలో ఉంచాడు. మూడో ఏడు భాష సర్ది, చివరి భాగం తనే రాసి, తన పేరు పెట్టి అచ్చుకిచ్చాడు. నోటుబుక్కు నీళ్ల పొయ్యిలో పెట్టేశాడు.

"నిఖిత నీకేమవుతుంది?" అని అడిగాడు.

"నా కొడుకు కూతురు. సిన్నప్పట్నుంచీ ఆ కతే సెప్పమనీది. ఇక్కడ పిల్లలందరూ ఐసుముక్కల్తో ఆడీవోరు దాన్ని. ఇప్పుడు అట్టల మీద ఎక్కించినారు. బాగున్నాది కదా?"

"బాగుంది. జోగమ్మా, ఆదివారం దాన్ని దొంగ అంటారు. నా కథ కొట్టేసిందని."

"తెలుసు. అది ఏడిసింది. నువ్వు నోరెత్తకు అని సెప్పినాను."

చలమయ్యకి అర్థం కాలేదు. "ఎందుకు? కథ నీది. ఆ ముక్క నువ్వు ఒక్కదానివి చెబితే చాలు."

జోగమ్మ పార కింద పెట్టింది. అటువైపు పాట జరుగుతున్న చోటు చూపించింది. కొత్తగా దిగిన వంజరం చేపల రాశి చుట్టూ జనం మూగి ఉన్నారు. పాటగాడు చివరి రేటు మూడుసార్లు అరిచి చేత్తో నేల కొట్టాడు. బోటువాడు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"సూసినారా? పాట అయిపోనాది. ఇప్పుడు ఆ సేప కడుపులో బంగారం దొరికినా బోటోడు నోరెత్తకూడదు. అది కొన్నోడిది. నాను మీకు కత ఇచ్చీసినాను, మీరు కాయితం ఇచ్చినారు. పాట అయిపోనాది. ఇప్పుడు నాదంటే నా మాట పోతాది మేస్టారూ. ఈ రేవులో మాట పోయినోడి సేప ఎవుడూ కొనడు."

"మరి ఆ చివర? లాంతరు పట్టుకున్న మనిషి? అది నోటుబుక్కులో లేదే."

ఆమె కొంచెం సిగ్గుపడింది. "పాటకి పెట్టే ముందు ప్రెతీ బోటోడూ నాలుగు సేపలు కూరకి తీసుకుంతాడు. అది తప్పు కాదు. ఆఖరి కాయితాలు నాను సింపీసుకున్నాను. అవి మీకు అమ్మనేదు."

"ఆ తెల్లగుండె సంగతి నాకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా?"

"మీరు అడగనేదు కదా. ఐసు కాడ పన్చేసే పిల్లోడికి కూడా తెలిసిందే, మీకు తెల్దని నాకేటి తెల్సు?" ఆమె మళ్లీ పార అందుకుంది. "మీరు కూడా నోరెత్తకండి. పిల్లదానికి నాను సెప్పుకుంతాను. ఇంకో ఆట కట్టుకుంటాది."

బస్సులో తిరిగి వస్తూ చలమయ్య హాయిగా ఊపిరి పీల్చుకోవాలి నిజానికి. దొంగకి దొరసానే తాళాలిచ్చినట్టయింది. కథ సొంతదారే, నీదే, నోరెత్తకు అంది. ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆ అమ్మాయికి ఇంకో ఆట కట్టుకునే దారి ఉండదు. సుమంత్ రాసే ఉత్తరం అన్ని చోట్లకీ వెళ్తుంది. దొంగ అన్న ముద్ర పడ్డ పిల్ల ఏది కట్టినా పెట్టె మూత తీసేవాడుండడు. అలా ముద్రలు వెయ్యడం ఈ ఊరికి నేర్పిందీ తనే. శనివారం రెండుసార్లు ఫోను తీసి సుమంత్ నంబరు చూశాడు. రెండుసార్లూ పెట్టేశాడు. ఒంట్లో బాగోలేదని మానేస్తే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించాడు. మానేసినా ఆ పిల్ల మెడకి ఉరి పడడం ఆగదు.

ఆదివారం పదకొండింటికి వన్ టౌన్‌లో, కాగితాల హోల్‌సేల్ కొట్టు మీద ఉన్న హాల్లో, నలభై మంది కుర్చీలు సరిపోక నిలబడ్డారు. ఆటలంటే ఎన్నడూ ఇంతమంది రారు. దొంగతనం అంటే వస్తారు. ఎప్పుడూ సభలకి రాని తాయారు ఆవేళ తనూ వస్తానని చీర మార్చుకుని బయల్దేరింది. మూడో వరసలో కూర్చుంది.

నిఖిత, సాకిబ్ గోడ పక్కన బల్ల మీద ఉన్నారు. నిఖితకి ఇరవై రెండుంటాయి. కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది. సెలవురోజైనా ఆఫీసు చొక్కాయే వేసుకొచ్చింది. సాకిబ్ కాలు ఒక్కచోట నిలవడం లేదు.

సుమంత్ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఇరవై నిమిషాలు చదివాడు. ముసలమ్మకి ముసలమ్మ, దిమ్మకి దిమ్మ. ప్రతి పోలికకీ హాల్లో ఒక గొణుగుడు లేచింది. చదవడం అయ్యాక బల్ల వైపు తిరిగాడు.

"నిఖితా, సూటిగా అడుగుతున్నాను. ఈ కథ నీకు ఎక్కడిది?"

ఆమె లేచి నిలబడింది. "సెప్పనండి."

"చెప్పనంటే ఒప్పుకున్నట్టే."

"నిఖితా, చెప్పెయ్యవే," అన్నాడు సాకిబ్. "ఊరికే నిందలు పడతావేంటి? నువ్వు చెప్పవా, నేను చెబుతా. ఆ కథ..."

"ఒద్దురా," అంది నిఖిత. "మాటిచ్చావు. కూకో." సాకిబ్ కూర్చున్నాడు. చేతిలో అట్టముక్కని రెండుగా మడిచేశాడు.

పక్క కుర్చీలోవాడు చలమయ్య భుజం తట్టాడు. ఎంత క్షోభ పడుతున్నారో పాపం అని. సుమంత్ గొంతు పెంచాడు.

"సరే. ఇప్పుడు మూల రచయితనే వేడుకుంటున్నాను. గురువుగారూ, ఈ పిల్లలు తెల్లగుండె అంటే ఉప్పు అని రాసేశారు. అది సొంతంగా ఆలోచించాం అంటారేమో రేపు. ఆ తెల్లగుండె అంటే ఏమిటో, ఎందుకు దాచిందో, అందరి ముందూ మీ నోటితో ఒక్కసారి చెప్పండి. దాంతో తేలిపోతుంది."

చలమయ్య లేచాడు. జవాబు ఇప్పుడు నాలుక చివరే ఉంది. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయనకి జవాబు తెలుసు. ఉప్పేనయ్యా, నేను అన్నది కూడా ఉప్పే, ఉక్కులో గంధకం చూసి రాశాను అంటే సరి. ప్రయోగశాల మనిషి, ఎవరు కాదంటారు? ఒక్క వాక్యం చాలు, కథ ఇక చచ్చేదాకా ఆయనదే. జోగమ్మ కూడా అదే చెయ్యమంది. నిఖిత ఆయన్నే చూస్తోంది. ఆ చూపులో వేడుకోలు లేదు. ఏం చెప్తావో నాకు తెలుసులే అన్న చూపు. అది ఆయన్ని కోసేసింది.

"నాకు తెలీదు," అన్నాడు.

"సార్?"

"తెల్లగుండె ఏమిటో నాకు తెలీదు సుమంత్. మొన్న ఈ పిల్లల ఆట ఆడేదాకా తెలీదు. ఎందుకంటే ఆ కథ నేను రాయలేదు. ఇంకొకరి కథ. నా పేరు పెట్టుకున్నాను."

ఆ తర్వాత జరిగింది చలమయ్య కలలో కూడా ఊహించనిది. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కవాళ్లు అందుకున్నారు. సుమంత్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూశారా!" అన్నాడు జనం వైపు తిరిగి. "ఇదీ పెద్దమనసంటే! ఇద్దరు పిల్లల భవిష్యత్తు పాడవకూడదని తన జీవితంలోని ఒకే ఒక్క కథని వదులుకుంటున్నారు. పిల్లలూ, వచ్చి సార్ కాళ్లకి దండం పెట్టండి."

"కాదయ్యా! నిజమే చెప్తున్నాను!" అన్నాడు చలమయ్య. ఆ గొంతు ఎంత పెంచితే చప్పట్లు అంత పెరిగాయి. దొంగతనం చేశానని ఒప్పుకుంటే దండ వేస్తున్నారు. నోటుబుక్కు బూడిదైంది. సాక్ష్యం చూపించడానికి చేతిలో ఏమీ లేదు. నిఖిత గోడకి ఆనుకుని, పళ్లు కరిచిపట్టి, ఆయన వైపు అసహ్యంగా చూసింది. ఈ మంచిపేరు కూడా నువ్వే మింగేశావా అన్నట్టుంది ఆ చూపు.

"ఆపండి," అంది మూడో వరసలోంచి ఒక గొంతు.

తాయారు లేచి నిలబడింది. పైట చెంగు గట్టిగా పట్టుకుంది. ఇంతమందిలో ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు.

"చప్పట్లు కొట్టకండి. ఆయన చెప్పింది నిజమే. పత్రికకి పంపిన సాపుప్రతి నా చేత రాయించారు. ఎదురుగా పెట్టుకుని నేను చూసి రాసిన నోటుబుక్కులో దస్తూరీ ఆయనది కాదు. అడుగడుక్కీ తప్పులు, ఆడమనిషి రాత. మొదటి పేజీలో జోగమ్మ అని ఉంది. ఎవరండీ అనడిగితే రాత్రిబడిలో ఒక పిల్ల, నేను చెప్తే రాసింది అన్నారు. అబద్ధమని నాకప్పుడే తెలుసు. సంసారం కదా అని ఊరుకున్నాను." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఆ నోటుబుక్కు పొయ్యిలో పెడుతుంటే నీళ్లు కాచుకున్నది కూడా నేనే. ఇంకా కొడతారా చప్పట్లు?"

ఎవరూ కొట్టలేదు. సుమంత్ చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టి, వాటిని సరిచేస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి, చలమయ్య వైపు చూడకుండా, "ఆట పోటీలో ఉంటుంది," అన్నాడు. జనం ఒక్కొక్కరే మెట్లు దిగారు. ఇందాక భుజం తట్టినవాడు కుర్చీ జరుపుకుని వెళ్లిపోయాడు.

నిఖిత మాత్రం ఆయన దగ్గరికొచ్చింది. "థాంక్స్ సెప్తాననుకోకండి," అంది. "మా మామ్మ ఒద్దన్నాది కదా మీకు. మాట నిలబెట్టుకుంతాదని మూడు రోజులు నాను నోరు కట్టీసుకున్నాను. మీరు కొన్నది మీరే పారేత్తే ఆవిడ మాటేటయినట్టు? ఆవిడకాడికి ఎల్లి మీరే సెప్పండి."

చలమయ్య తాయారు కోసం చూశాడు. ఆవిడ అప్పటికే ఆటో ఎక్కేసింది. ఇంటికెళ్తే ఏం జరుగుతుందో ఆయనకి తెలీదు. ఎండలో నడుచుకుంటూ హార్బర్ వెనక సందుల్లోకి వెళ్లాడు.

జోగమ్మ అరుగు మీద కూర్చుని నైలాన్ దారంతో చినిగిన వల కుడుతోంది. ఆయన నిలబడే మొత్తం చెప్పాడు. ఏదీ దాచలేదు. నోటుబుక్కు కాల్చిన సంగతి కూడా చెప్పాడు. చివర నౌకని చీకట్లో ముంచింది తనేనని, జనం ఏడుస్తారని అలా రాశానని చెప్పాడు. ఆమె వల మీద చెయ్యి ఆపింది ఆ ఒక్క చోటే.

"ముంచీసినారా?" అంది.

"ముంచేశాను."

ఆమె వల పక్కకి నెట్టి లేచింది. ఆయన మీద కోపమో కాదో మొహం చూస్తే తెలియలేదు.

"ఒద్దని సెప్పినా ఇనకుండా సరుకు ఎనక్కి తెచ్చీసినారు. తెచ్చీసినాక నానేటి సెయ్యాల? సరుకు ఎనక్కొత్తే తీసుకున్నది ఎనక్కిచ్చీయాల. అది రేవు మాట."

"నాకేమీ వద్దు జోగమ్మా. నువ్వు నాకు ఏమీ బాకీ లేవు."

ఆమె వినిపించుకోలేదు. లోపలికెళ్లింది. రేకు పెట్టె మూత తీసిన చప్పుడైంది. బయటికొచ్చేటప్పుడు చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో పచ్చబడిన కాగితం, కింద గుండ్రటి ముద్ర. ఆ కాగితం కోసం తను ఎక్కిన మెట్లన్నీ చలమయ్యకి గుర్తే. పైన ఆమె భర్త పేరు, దాని పక్కన మరణించిన తేదీ, ఆ తేదీని అర్జీలో ఊహించి రాసింది కూడా ఆయనే.

"ఇది వద్దు," అన్నాడు చలమయ్య. "ఇది నీకు కావాలి."

"ఎందుకు మేస్టారూ? పిల్లలు పెద్దోలయిపోనారు. పట్టా వచ్చీసింది. ముప్పై యేల్లు దీన్ని పెట్టిలో ఎట్టుకుని, మా ఆయన ఒడ్డున నిలబడున్నాడని పిల్లలకి కత సెప్పినాను. రెండూ ఒక్క ఇంట్లో ఎలగుంతాయి? ఏదో ఒకటే ఉండాల." ఆమె కాగితం ముందుకి చాచింది. "కత నాకు వచ్చీసింది. ఆయన సచ్చిపోనాడన్న ఈ మాట మీది. మీరు తీసుకెల్లిపోండి."

ఆమె చెయ్యి దించలేదు. వీధిలో ఎవరో బోటు దిగి వస్తున్న మగవాళ్లు వీళ్లని దాటి వెళ్లారు. వాళ్లు దాటిపోయాక ఆయన రెండు చేతులూ చాచి ఆ కాగితం తీసుకున్నాడు.